భారత క్రికెట్ జట్టు ఇంగ్లాండు పర్యటన, 1936

1936 వేసవిలో భారత క్రికెట్ జట్టు ఇంగ్లాండులో జరిపిన పర్యటన భారత క్రికెట్ చరిత్రలో మిక్కిలి వివాదాస్పదమైనదిగా పేరుపడినది. ఈ పర్యటనలో మూడు టెస్టులు జరిగాయి. రెండింటిలో ఇంగ్లాండు గెలిచింది, ఒకటి డ్రాగా ముగిసింది. అయితే ఈ పర్యటనను నేటికీ గుర్తుంచుకొనేది జయాపజయాల వలన కాదు. జట్టులో అప్పటికి అత్యుత్తమంగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టుకు ముందే క్రమశిక్షణ పేరిట స్వదేశానికి పంపివేశారు. జట్టు రెండు వర్గాలుగా చీలిపోయింది. తరువాత ఒక ప్రధాన న్యాయమూర్తి విచారణ జరిపి తప్పు ఆటగాడిది కాదని తేల్చవలసి వచ్చింది.

ఈ ఉదంతానికి తెలుగువారితో దగ్గరి సంబంధమున్నది. జట్టు సారథి విజ్జీగా ప్రసిద్ధుడైన విజయనగరం రాజకుటుంబీకుడు పూసపాటి విజయానంద గజపతి రాజు. ఆయనకు ఎదురుగా నిలిచిన వర్గం గౌరవించిన ఆటగాడు భారత తొలి టెస్టు సారథి కొట్టారి కనకయ్య నాయుడు. ఒకరు సంస్థానాధీశుని కుమారుడు, మరొకరు ఒక సంస్థానపు కొలువులో ఉన్న క్రీడాకారుడు. ఈ తేడాను గమనించకుండా పర్యటనలో జరిగిన సంఘటనలను అర్థం చేసుకోవడం కష్టం.

నేపథ్యం

ఆ రోజులలో భారతదేశంలో క్రికెట్‌ను వృత్తిగా చేసుకొని బ్రతికే అవకాశం దాదాపు లేదు. మంచి ఆటగాళ్ళకు ఏదో ఒక సంస్థానంలో ఉద్యోగమిచ్చి పోషించేవారు. నాగపూరులో 1895 అక్టోబరు 31న తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె.నాయుడు పూర్వీకులది మచిలీపట్నం. ఆయన 1923లో హోల్కరు మహారాజు ఆహ్వానంపై ఇండోరుకు వెళ్ళి ఆ సంస్థాన సైన్యంలో కెప్టెన్ హోదాలో చేరాడు. 1926లో బొంబాయి జింఖానా మైదానంలో ఇంగ్లాండు నుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేసి దేశమంతటా పేరు పొందాడు. ఇంతటి ఆటగాడు కూడా ఒక రాజు ఆదరణమీద ఆధారపడవలసినదే. రాజులకు క్రికెట్ వినోదమూ, హోదా చిహ్నమూ, బ్రిటిషు అధికారులతో చనువుకు మార్గమూ అయినది.

విజ్జీ 1905 డిసెంబరు 28న విజయనగరంలో జన్మించాడు. రెండవ కుమారుడు కావడంచేత సంస్థానం అన్నగారికి దక్కింది. విజ్జీ తన కుటుంబానికి కాశీలో ఉన్న ఎస్టేటుకు వెళ్ళి స్థిరపడ్డాడు. ఆయన ఎన్నడూ మహారాజు కాదు, మహారాజ్‌కుమార్ మాత్రమే. పాత క్రికెట్ పుస్తకాలలో ఆయనను ఈ పేరుతోనే పేర్కొంటారు. ఇంగ్లీషులో ఊరి పేరును ఒక అచ్చు తగ్గించి వ్రాయడం కూడా ఆ పుస్తకాలలో అలవాటుగా వచ్చింది.

ఆట మీద విజ్జీకి ఉన్న ఆసక్తిని శంకించనక్కరలేదు. 1930-31లో శాసనోల్లంఘన ఉద్యమం కారణంగా ఎం.సి.సి. జట్టు భారత పర్యటన రద్దయినప్పుడు ఆయన సొంత ఖర్చుతో ఒక జట్టును కూర్చి, ఇంగ్లాండు మహా క్రీడాకారులైన జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను రప్పించి భారతదేశంలోనూ సింహళంలోనూ ఆడించాడు. ముస్తాక్ ఆలీని బాలుడిగా ఉండగానే గుర్తించి కాశీలో తన వద్ద ఉంచుకొని సానపట్టినది ఆయనే. 1933-34లో డగ్లస్ జార్డిన్ నాయకత్వంలో వచ్చిన ఇంగ్లాండు జట్టు భారతదేశంలో ఓడిపోయిన ఒకే ఒక మ్యాచ్ కాశీలో విజ్జీ జట్టుతో ఆడినదే. ఆ విజయం 14 పరుగుల తేడాతో వచ్చింది. ఒక పోషకుడిగా విజ్జీ చేసిన మేలు చిన్నది కాదు. అంతటితో ఆగి ఉంటే ఆయన పేరు వేరు విధంగా నిలిచేది.

సారథి ఎన్నిక

1930లలో భారత క్రికెట్‌పై పెత్తనం కొరకు పాటియాలా మహారాజు భూపిందర్ సింగ్‌కూ, వైస్రాయి లార్డ్ విల్లింగ్డన్‌కూ మధ్య పోటీ నడిచింది. విజ్జీ వైస్రాయి పక్షం వహించాడు. ఢిల్లీ మైదానంలో విల్లింగ్డన్ పేరిట పెవిలియన్ కట్టడానికి ధనమిచ్చాడు. జాతీయ పోటీకి పాటియాలా మహారాజు రంజిత్‌సింహ్‌జీ పేరుతో బంగారు కప్పు ఇవ్వజూపగా, దానికి బదులు విల్లింగ్డన్ పేరుతో మరొక కప్పును విజ్జీ ముందుకు తెచ్చాడు. చివరకు నిలిచినది రంజీ ట్రోఫీయే. కాని ఈ పెనుగులాటలో విజ్జీ వైస్రాయికి మరింత సన్నిహితుడయ్యాడు.

సారథ్యం కూడా ఈ హోదాల లెక్కలోనిదే. 1932లో ఇంగ్లాండు వెళ్ళిన జట్టుకు పోరుబందరు మహారాజు సారథి, లింబ్డీ రాజకుమారుడు ఉపసారథి. విజ్జీకి మూడవ స్థానం ఇచ్చారు గాని ఆయన ఆరోగ్యాన్ని, ఆటతీరును కారణంగా చూపి తప్పుకొన్నాడు. పోరుబందరు మహారాజు తన ఆట పరిమితిని గ్రహించి పక్కకు తొలగగా, లార్డ్స్ మైదానంలో జరిగిన భారత ప్రథమ టెస్టుకు సి.కె.నాయుడు నాయకత్వం వహించాడు. 1933-34లో స్వదేశంలో జరిగిన మూడు టెస్టులకూ ఆయనే సారథి.

1936 పర్యటనకు మొదట పటౌడీ నవాబు ఇఫ్తికార్ ఆలీ ఖాన్‌ను అనుకొన్నారు. ఇంగ్లాండు తరఫున టెస్టులు ఆడి ఉన్న ఆయన అనారోగ్య కారణంగా విరమించుకొన్నాడు. అప్పుడు మిగిలిన పేర్లలో అనుభవరీత్యా నాయుడికి సాటి లేదు. అయినా క్రికెట్ బోర్డు ప్రతినిధుల ఎన్నికలో విజ్జీ నెగ్గాడు. ఓటు వేసినవారు ప్రాంతీయ సంఘాల పెద్దలు, ఆటగాళ్ళు కారు. జట్టు మేనేజరుగా వైస్రాయి కొలువుకు చెందిన మేజర్ బ్రిటన్ జోన్స్ నియమితుడయ్యాడు. విజ్జీ ఇద్దరు సేవకులతో, 36 పెట్టెల సామానుతో ప్రయాణమైనట్లు చెబుతారు.

జట్టు

బలాబలాలు చూస్తే ఇది బలహీనమైన జట్టు ఎంతమాత్రం కాదు. మహమ్మద్ నిస్సార్, అమర్ సింగ్‌ల జోడీ ఆనాటి ప్రపంచంలోని మేటి ఫాస్ట్ బౌలింగ్ జోడీలలో ఒకటి. అయితే అమర్ సింగ్ ఆ సంవత్సరం లాంకషైర్ లీగులో వృత్తి ఆటగాడిగా ఒప్పందంలో ఉండడంతో జట్టుకు కొద్ది మ్యాచ్‌లలోనే అందుబాటులోకి వచ్చాడు. బ్యాటింగులో విజయ్ మర్చంట్, ముస్తాక్ ఆలీ, వజీర్ ఆలీ, నాయుడు ఉన్నారు. నాయుడి తమ్ముడు సి.ఎస్.నాయుడు లెగ్ స్పిన్నరు. కేంబ్రిడ్జిలో చదువుతున్న జహంగీర్ ఖాన్ టెస్టులలో ఆడాడు. ఆ వేసవిలోనే విశ్వవిద్యాలయం తరఫున లార్డ్స్‌లో బౌలింగు చేస్తుండగా అతని బంతి తగిలి ఒక పిచ్చుక చనిపోయింది. ఆ పిచ్చుకను ఆ బంతితో సహా లార్డ్స్ మ్యూజియంలో భద్రపరచారు.

మద్రాసు నుండి వచ్చిన కోట రామస్వామి ఈ జట్టులో మరొక తెలుగువాడు. మద్రాసు క్రికెట్‌కు పితామహుడనదగిన బుచ్చిబాబు నాయుడు కుమారుడు. 1922లో డేవిస్ కప్‌లో భారతదేశం తరఫున టెన్నిస్ ఆడాడు. క్రికెట్ టెస్టులో తొలిసారి ఆడే నాటికి అతనికి 40 సంవత్సరాలు నిండాయి.

అమర్‌నాథ్ ఉదంతం

లాలా అమర్‌నాథ్ 1933 డిసెంబరులో బొంబాయిలో తన మొదటి టెస్టులోనే 118 పరుగులు చేసి, టెస్టులలో శతకం సాధించిన తొలి భారతీయుడిగా నిలిచాడు. 1936 పర్యటన తొలి వారాలలో జట్టులో అందరికంటే బాగా ఆడుతున్నది అతడే. ఎసెక్స్ జట్టుపై రెండు ఇన్నింగ్సులలోనూ శతకాలు (130, 107) చేశాడు. స్వదేశానికి పంపివేసేనాటికి అతని ఖాతాలో 613 పరుగులు, 32 వికెట్లు ఉన్నాయి. సూటిగా మాట్లాడే స్వభావం, కొంచెం ముక్కోపం అతనికి ఉండేవి. బౌలింగు చేసేటప్పుడు తాను కోరిన విధంగా ఫీల్డర్లను నిలపడం లేదని సారథితో అంతకు ముందే మాటామాటా వచ్చింది.

జూన్ నెలలో లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్ జట్టుతో మ్యాచ్ జరిగింది. అమర్‌నాథ్ వెన్నునొప్పితో బాధపడుతున్నాడు. అతనిని బ్యాటింగుకు సిద్ధంగా ఉండమన్నారు. ప్యాడ్లు కట్టుకొని కూర్చొన్నాడు. వికెట్టు పడింది, వేరొకరిని పంపారు. మళ్ళీ పడింది, మళ్ళీ వేరొకరు వెళ్ళారు. ప్యాడ్లు విప్పి నడుము వాల్చే వీలు కూడా లేకుండా గంటల తరబడి కూర్చోబెట్టి, చివరకు ఆట ముగియడానికి కొద్ది నిమిషాల ముందు పంపారు. అజేయంగా తిరిగి వచ్చిన అమర్‌నాథ్ కోపంతో తన సామగ్రిని సంచిలోకి విసరివేసి, తోటివారితో పంజాబీలో ఇక్కడ ఏమి జరుగుతున్నదో తనకు తెలుసునన్న అర్థంలో ఏదో గొణిగాడు. పంజాబీ తెలియని సారథికి మాటలు అర్థమయ్యాయో లేదో గాని, ధోరణి మాత్రం అర్థమయింది.

సారథి, మేనేజరు కలిసి దానిని అవిధేయతగా నిర్ణయించారు. అమర్‌నాథ్‌ను వెంటనే స్వదేశానికి పంపే ఏర్పాట్లు జరిగాయి. అతడు కైజర్-ఇ-హింద్ అనే ఓడలో బొంబాయికి బయలుదేరాడు. అప్పటికి మొదటి టెస్టుకు కొద్ది రోజులే మిగిలి ఉన్నది. విదేశీ పర్యటన మధ్యలో ఈ విధంగా వెనుకకు పంపబడిన మొదటి భారత క్రికెటర్ అతడే. వయసు 24 సంవత్సరాలు.

చీలికలు

అమర్‌నాథ్ వెళ్ళిపోవడంతో జట్టులోని కలహం సద్దుమణగలేదు. సారథికి అనుకూలురు, నాయుడికి అనుకూలురు అని ఆటగాళ్ళు విడిపోయారు. ఈ కాలం గురించి ప్రచారంలో ఉన్న కథలు అనేకం. వాటిలో ప్రసిద్ధమైనది బాకా జిలానీ గురించినది. అతడు ఉదయపు ఫలహారం వేళ అందరి ఎదుట నాయుడిని అవమానించాడనీ, అందుకు బహుమానంగానే మూడవ టెస్టులో అతనికి స్థానం లభించిందనీ చెప్పుకొంటారు. జిలానీ ఆడిన ఏకైక టెస్టు అదే కావడం ఈ కథకు బలమిచ్చింది. రెండవ టెస్టులో మర్చంట్‌ను రనౌట్ చేయించమని సారథి తనకు సూచించాడని ముస్తాక్ ఆలీ తరువాతి కాలంలో వెల్లడించాడు. ముస్తాక్ ఆలీ ఆ సంగతిని మర్చంట్‌కే చెప్పివేశాడు, ఇద్దరూ నవ్వుకొని ఆట కొనసాగించారు. ఒక కౌంటీ జట్టు సారథికి విజ్జీ బంగారు గడియారం కానుకగా ఇచ్చి సులభమైన బంతులు వేయించుకొన్నాడన్నది మరొక కథ. ఇవన్నీ అక్షరాలా నిజమని నమ్మవలసిన పని లేదు. ఒక సారథి గురించి ఇటువంటి కథలు పుట్టి ఇంతకాలం నిలిచాయంటే, ఆయన మీద ఆటగాళ్ళకు ఉన్న నమ్మకం ఎంతటిదో ఊహించవచ్చు.

పర్యటన కొనసాగుతుండగానే విజ్జీకి బ్రిటిషు ప్రభుత్వం నుండి 'సర్' బిరుదు లభించింది. దానిని ఆయన స్వాతంత్ర్యానికి ముందు 1947 జూలైలో త్యజించాడు.

టెస్టులు

మొదటి టెస్టు జూన్ 27న లార్డ్స్‌లో ప్రారంభమైంది. భారత్ 147 పరుగులకే ఆలౌట్ అయినా, అమర్ సింగ్ 35 పరుగులిచ్చి 6 వికెట్లు తీసి ఇంగ్లాండును 134 పరుగులకు కట్టడి చేశాడు. ఇంగ్లాండు గడ్డ మీద, 13 పరుగులైనా సరే, మొదటి ఇన్నింగ్సులో ఆధిక్యం లభించింది. రెండవ ఇన్నింగ్సులో నిలదొక్కుకొనే బ్యాట్స్‌మన్ కావాలి. భారత్ 93 పరుగులకు కుప్పకూలింది. ఇంగ్లాండు సారథి గబ్బీ ఆలెన్ రెండు ఇన్నింగ్సులలోనూ అయిదేసి వికెట్లు తీశాడు. ఇంగ్లాండు 9 వికెట్ల తేడాతో గెలిచింది. ఆ మూడు రోజులూ అమర్‌నాథ్ సముద్రం మీద ఉన్నాడు.

రెండవ టెస్టు జూలై 25 నుండి మాంచెస్టరులోని ఓల్డ్ ట్రాఫర్డులో జరిగింది. భారత్ 203 పరుగులు చేయగా, వాల్టర్ హామండ్ 167 పరుగులతో ఇంగ్లాండు 8 వికెట్లకు 571 వద్ద డిక్లేర్ చేసింది. 368 పరుగులు వెనుకబడిన స్థితిలో మర్చంట్, ముస్తాక్ ఆలీ ఆట ప్రారంభించారు. రెండవ రోజు ఆట ముగిసేసరికి వికెట్టు పడకుండా 190 పరుగులు వచ్చాయి. ఆ ఒక్క రోజున రెండు జట్లూ కలిసి చేసిన 588 పరుగులు టెస్టు క్రికెట్‌లో ఒక రోజు పరుగుల రికార్డుగా నిలిచాయి. మొదటి వికెట్టుకు 203 పరుగులు జోడించిన తరువాత ముస్తాక్ ఆలీ 112 వద్ద అవుటయ్యాడు. విదేశంలో టెస్టు శతకం చేసిన తొలి భారతీయుడు అతడే. మర్చంట్ 114 పరుగులు చేశాడు. నలభై ఏళ్ళ రామస్వామి మొదటి ఇన్నింగ్సులో 40, రెండవ ఇన్నింగ్సులో 60 పరుగులు చేశాడు. భారత్ 5 వికెట్లకు 390 పరుగులు చేసి మ్యాచ్‌ను డ్రా చేసుకొన్నది. కలహాలతో చీలిన జట్టు ఇటువంటి ఆట ఆడగలిగిందన్నది ఆశ్చర్యకరమే.

మూడవ టెస్టు ఆగష్టు 15న లండనులోని ఓవల్ మైదానంలో మొదలైంది. హామండ్ 217, వర్తింగ్‌టన్ 128 పరుగులు చేయగా ఇంగ్లాండు 8 వికెట్లకు 471 వద్ద డిక్లేర్ చేసి, చివరకు 9 వికెట్లతో గెలిచింది. ఫాలో ఆన్ ఆడిన భారత్ రెండవ ఇన్నింగ్సులో 312 పరుగులు చేసింది. అందులో 81 పరుగులు సి.కె.నాయుడివి. అదే ఆయన చివరి టెస్టు ఇన్నింగ్స్.

మూడు టెస్టులలోనూ కింది వరుసలో ఆడిన విజ్జీ ఆరు ఇన్నింగ్సులలో మొత్తం 33 పరుగులు, 8.25 సగటుతో చేశాడు. పర్యటన మొత్తంలో ఆయన చేసినవి 600 పరుగులు, సగటు 16.21. మర్చంట్ 51కి పైగా సగటుతో 1,745 పరుగులు చేసి, విజ్డెన్ వార్షిక గ్రంథం ఎంపిక చేసే అయిదుగురు క్రికెటర్లలో ఒకడయ్యాడు.

విచారణ

అమర్‌నాథ్ బొంబాయిలో దిగే నాటికి పత్రికలలో ఈ విషయంపై పెద్ద దుమారం రేగింది. బోర్డు చివరకు విచారణకు పూనుకొన్నది. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బ్యూమాంట్ నేతృత్వంలోని సంఘం 1937 జనవరిలో నివేదిక సమర్పించింది. విజ్జీకి ఫీల్డర్లను నిలిపే పద్ధతి, బౌలర్లను మార్చే పద్ధతి తెలియవనీ, బ్యాటింగు వరుసను నిలకడగా పాటించలేదనీ ఆ నివేదిక తప్పుపట్టింది. అమర్‌నాథ్‌ను నిర్దోషిగా తేల్చింది. ఒక బ్రిటిషు న్యాయమూర్తి, వైస్రాయికి దగ్గరి వ్యక్తిని ఇంత నిష్కర్షగా విమర్శించడం ఆ కాలానికి సామాన్య విషయం కాదు.

కాని తీర్పు వలన కాలం వెనుకకు రాలేదు. 1936 ఆగష్టు తరువాత భారత్ మళ్ళీ టెస్టు ఆడినది 1946 జూన్‌లోనే. మధ్యలో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. 1934 ఆరంభంలో మూడవ టెస్టు ఆడిన అమర్‌నాథ్ నాలుగవ టెస్టుకు పన్నెండు సంవత్సరాలు ఆగవలసి వచ్చింది. ఆటగాడికి అత్యంత విలువైన ఇరవై నాలుగు నుండి ముప్పది నాలుగు వరకు గల వయసులో అతనికి అందుబాటులో ఉన్న టెస్టులు ఆ మూడే. వాటినీ అతడు ఆడలేకపోయాడు. అమర్ సింగ్ 1940లో మరణించాడు. నాయుడి టెస్టుల సంఖ్య ఏడు వద్ద ఆగిపోయింది.

తరువాతి కాలం

అమర్‌నాథ్ 1947-48లో ఆస్ట్రేలియాకు వెళ్ళిన జట్టుకు నాయకత్వం వహించి స్వతంత్ర భారత తొలి టెస్టు సారథి అయ్యాడు. 1952-53లో పాకిస్తాన్‌పై భారత్ సాధించిన తొలి సిరీస్ విజయం కూడా అతని సారథ్యంలోనిదే.

విజ్జీ మరల టెస్టు ఆడలేదు గాని క్రికెట్ పాలనలో పైకి వచ్చాడు. 1954 నుండి కొంతకాలం భారత క్రికెట్ బోర్డు అధ్యక్షుడు. రేడియోలో వ్యాఖ్యానం చేశాడు. 1958లో పద్మభూషణ్ పొందాడు. విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1965 డిసెంబరు 2న కాశీలో మరణించాడు. విశ్వవిద్యాలయాల క్రికెట్‌లో ఆయన పేరిట విజ్జీ ట్రోఫీ ఏర్పడింది. విజయనగరంలోని క్రీడా మైదానానికి విజ్జీ స్టేడియం అని పేరు.

రామస్వామి 1985 అక్టోబరులో మద్రాసులోని తన ఇంటి నుండి బయటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఆయన ఏమయ్యాడో తెలియరాలేదు.

సి.కె.నాయుడు 1956లో పద్మభూషణ్ పొందాడు. 1956-57 రంజీ పోటీలలో అరవై దాటిన వయసులో ఉత్తర ప్రదేశ్ తరఫున సారథిగా ఆడాడు. నాయుడు 1967 నవంబరు 14న ఇండోరులో మరణించాడు.